నడుంనొప్పి: ఒక ఇంజినీరు లెక్క
(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఇరవై నిమిషాలు మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నాడు. కాలువల గురించో, వంతెనల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటాడు. నేను నడుంనొప్పి అన్నాను. ఎందుకంటే మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య పెళ్లిపిలుపుల తర్వాత ఎక్కువగా కనిపిస్తున్న వాక్యం "మంచి నడుం డాక్టరు ఎవరైనా తెలుసా?" అన్నదే. ఇప్పుడు ఈ హాలులో నడుం పట్టేయడం అంటే ఏమిటో తెలియనివాళ్లు చేతులెత్తమంటే, ముందు వరుసలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లలు తప్ప ఎవరూ ఎత్తరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉంది. 2050 నాటికి అది 84.3 కోట్లు అవుతుందని అంచనా. మనిషిని పనిచేయకుండా చేసే కారణాల్లో మొదటి స్థానం దీనిదే.

ముందే ఒక మాట. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లుగా స్తంభాలు, దూలాలు, బరువులు, ఒత్తిళ్లు లెక్కలు కడుతున్న సివిల్ ఇంజినీరును. కానీ మన వెన్ను కూడా ఒక కట్టడమే. ఆ కట్టడం ఎలా నిలబడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగానికి డాక్టరు ఉన్నారు.

స్తంభం కాదు, గుడారం

వెన్ను అనగానే మనకు స్తంభం గుర్తొస్తుంది. పుస్తకాల్లో అలాగే రాస్తారు. 33 పూసలు. మెడలో 7, వీపులో 12, నడుములో 5, కింద ఒకటిగా కలిసిపోయినవి 9. పూసకీ పూసకీ మధ్య మెత్తని దిండులాంటి డిస్కు.

అయితే ఈ స్తంభం ఒంటరిగా ఎంత బరువు మోస్తుంది? సన్నని స్తంభం మీద బరువు పెంచుతూ పోతే ఒక దశలో అది నలగకుండానే పక్కకు వంగిపోతుంది. ఆ దశ ఎక్కడ వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని ఆయిలర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 18వ శతాబ్దంలోనే చెప్పాడు. మా ఇంజినీర్లకు అది వేదవాక్యం. 1992లో కొందరు పరిశోధకులు మరణించినవారి నడుం ఎముకల నుంచి కండరాలన్నీ తీసేసి, ఎముకలు, డిస్కులు, వాటిని కట్టి ఉంచే స్నాయువులు మాత్రమే ఉంచి ఇదే పరీక్ష చేశారు. సుమారు 90 న్యూటన్ల బరువుకే అది వంగిపోయింది. అంటే తొమ్మిది కిలోలు. మన తలా, చేతులూ, మొండెమూ కలిపితే దానికి ఎన్ని రెట్లో మీరే ఆలోచించండి.

మరి మనం ఎలా నిలబడుతున్నాం? గుడారం మధ్య గుంజ ఎలా నిలబడుతుందో అలా. నాలుగు వైపులా తాళ్లు బిగించి కట్టడం వల్ల. ఆ తాళ్లే కండరాలు. వెనక వెన్ను పొడుగునా ఉండే పెద్ద కండరాలు, పూసల్ని పూసలతో కలిపే సన్నని లోపలి కండరాలు, ముందు పొట్ట కండరాలు, పక్కన నడుం కండరాలు, కింద పిర్రల కండరాలు. వీటిలో ఒక వైపు తాడు వదులైతే ఎదుటి వైపు తాడు మీద భారం పడుతుంది. పొట్ట వదులై, పిర్రలు బలహీనపడితే వెనక కండరం రాత్రీపగలూ ఓవర్‌టైమ్ చేస్తుంది. ఒకరోజు సమ్మె చేస్తుంది. మనం దాన్నే "నడుం పట్టేసింది" అంటాం.

బకెట్టు లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క. లెక్కల మాస్టారు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను.

70 కిలోల మనిషి. నడుం పైభాగం బరువు అందులో సగం, 35 కిలోలు అనుకుందాం. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి 15 లీటర్ల నీళ్ల బకెట్టు ఎత్తుతున్నాడు. పైభాగం బరువు నడుం కీలు నుంచి సుమారు 25 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది. బకెట్టు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వీటిని బ్యాలెన్స్ చేయాల్సిన వెనక కండరం మాత్రం కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. ఉయ్యాలబల్ల మీద ఒక పక్క చివర ఏనుగునెక్కించి, ఇటు పక్క ఇరుసు దగ్గర మనం కూర్చున్నట్టు.

35ని 25తో హెచ్చిస్తే 875. 15ని 40తో హెచ్చిస్తే 600. మొత్తం 1475. దాన్ని 5తో భాగిస్తే 295. అంటే పదిహేను కిలోల బకెట్టు కోసం వెన్ను కండరం దాదాపు మూడు వందల కిలోల బలంతో లాగాలి. ఆ లాగుడంతా తిరిగి డిస్కు మీదే నొక్కుడుగా పడుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ నడుం మీద పడే నొక్కుడు 3,400 న్యూటన్లు, అంటే సుమారు 350 కిలోలు, దాటకూడదని హద్దు పెట్టింది. మనం స్నానాల గదిలో ఒక్క బకెట్టుతో ఆ హద్దు దగ్గరకు వెళ్లి వస్తున్నాం.

అదే బకెట్టును మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా లాక్కుని ఎత్తండి. బకెట్టు దూరం 20 సెంటీమీటర్లు, పైభాగం దూరం 10 సెంటీమీటర్లు అవుతుంది. లెక్క 130 కిలోలకు దిగుతుంది. సగం కన్నా తక్కువ. బరువు మారలేదు, దూరం మారింది. నేను చెప్పే మొదటి సూత్రం ఇదే: బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. 1999లో జర్మనీలో ఒక వ్యక్తి నడుం డిస్కులోకి సన్నని పరికరం పంపి రోజువారీ పనుల్లో ఒత్తిడి కొలిచారు. పడుకున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. నిలబడితే ఐదు. 20 కిలోల పెట్టెను నడుం వంచి ఎత్తితే 23. మోకాళ్లు వంచి దగ్గరగా ఎత్తితే 17. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు కిలోల పైచిలుకే అని గుర్తుంచుకుంటే, మన డిస్కు ఎంత గట్టిదో తెలుస్తుంది. దాని సంగతి తెలిసి వాడుకోవాలి, అంతే. అది పెంకులా పగిలిపోయేది కాదు.

నొప్పి ఎక్కడి నుంచి?

నడుంనొప్పి వచ్చినవారిలో నూటికి తొంభైమంది దాకా ఫలానా ఎముకో, ఫలానా నరమో అని వేలుపెట్టి చూపించగల కారణం దొరకదు. చాలావరకు అది కండరాలు, స్నాయువులు, కీళ్లు అలిసిపోవడం వల్లా, బెణకడం వల్లా వచ్చే నొప్పి. కలుక్కుమన్న వెంటనే చుట్టుపక్కల కండరాలు బిగుసుకుని ఆ భాగాన్ని కదలనివ్వవు. అది కాపలా. ఊళ్లో దొంగ పడ్డాడంటే వీధివీధినా కర్రలు పట్టుకుని నిలబడినట్టు. దొంగ వెళ్లిపోయాక కూడా వాళ్లు కర్రలు దించకపోతే ఊరికే ఇబ్బంది. కదిలితే నొప్పి, నొప్పికి భయం, భయానికి కదలకపోవడం, కదలక కండరం ఇంకా బలహీనపడటం. ఈ చక్రంలోనే మనం ఏళ్లకేళ్లు తిరుగుతుంటాం.

ఈ చక్రంలో నేనూ తిరిగాను. నలభై ఏడో ఏట, జీపులో రోజంతా కాలువ గట్ల మీద తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే బూట్ల లేసు కట్టుకోవడానికి వంగితే లేవలేకపోయాను. స్కానింగ్ తీశారు. రిపోర్టులో డిస్కు ఉబ్బిందని, అరిగిందని ఉంది. ఒక డాక్టరుగారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి "ఇక జన్మలో వంగొద్దు, కింద కూర్చోవద్దు, బరువెత్తొద్దు" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఐదేళ్లు బతికాను. బెల్టు లేకుండా గుమ్మం దాటలేదు. ఇంట్లో అందరూ చాప వేసుకుని భోంచేస్తుంటే నేనొక్కడినే కుర్చీలో. ఆఫీసులో సైట్లకు వెళ్లే పని మరొకరికి అప్పగించారు. నొప్పి కన్నా ఆ వేరుపడటమే ఎక్కువ బాధపెట్టింది.

మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి. కన్యాదానం మా తమ్ముడి దంపతుల చేత చేయిద్దామని ఇంట్లో మాట వచ్చింది. అమ్మాయి ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ మర్నాడు నేను మరో డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన స్కానింగ్ పక్కన పెట్టి నన్ను నడిపించి, వంచి, కాళ్లెత్తించి చూశారు. "ఎనభై ఏళ్లవాళ్లకు జుట్టు నెరిసిందని మందిస్తామా?" అన్నారు.

తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. ఏ నొప్పీ లేని మనుషులకు స్కానింగులు తీసిన ఎన్నో అధ్యయనాల్ని కలిపి 2015లో లెక్క వేశారు. ఏ బాధా లేని యాభై ఏళ్లవాళ్లలో నూటికి ఎనభైమందికి డిస్కు అరుగుదల ఉంది, అరవైమందికి ఉబ్బు ఉంది. ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి ముప్పైమందికి ఉబ్బు ఉంది. అంటే రిపోర్టులో ఆ మాట కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని తీర్పు చెప్పలేం.

ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఏడు నెలలు పట్టింది. మొదట ఎత్తు స్టూలు మీద, తర్వాత పొట్టి స్టూలు మీద, తర్వాత పీట మీద, రోజుకు రెండు నిమిషాలు పెంచుతూ. పెళ్లిలో మూడు గంటలు పీటల మీద కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు లేచాను, పురోహితుడు ఏమీ అనుకోలేదు.

పట్టేసిన రోజున

అకస్మాత్తుగా నడుం పట్టేస్తే ఏం చేయాలి? వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోండి, లేదా పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. కండరం కాస్త వదులవుతుంది. కాపడం పెట్టండి. వేడినీళ్ల సంచైనా సరే, అమ్మమ్మ చేసే ఉప్పు మూటైనా సరే. 2017లో అమెరికా వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మాత్రల కన్నా ముందు చెప్పింది కాపడం, మర్దన లాంటివే. బామ్ రాసుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి మనకది అలవాటే. అది డిస్కుదాకా వెళ్లదు, చర్మం మీద చల్లగా వేడిగా అనిపించి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్లిస్తుంది. అదీ మేలే.

కానీ మంచానికి అతుక్కుపోకండి. 1995లో ఫిన్లాండులో హెల్సింకి నగర ఉద్యోగుల్లో కొత్తగా నడుంనొప్పి వచ్చినవారిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు రోజుల మంచం విశ్రాంతి, ఒక గుంపుకు వ్యాయామాలు, ఒక గుంపుకు ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు. త్వరగా కోలుకున్నది మూడో గుంపు. మామూలు పనులంటే బస్తాలెత్తడం కాదు. ఇంట్లో నాలుగడుగులు, గంటకోసారి లేవడం. చాలామందికి కొన్ని వారాల్లోనే ఈ నొప్పి బాగా తగ్గిపోతుంది.

నేల మీద పడుకోమని చెప్పేవాళ్లుంటారు. నులకమంచంలో గుంటపడి పడుకోవడం ఎంత చేటో, బండరాయిలాంటి పరుపూ అంతే. స్పెయిన్‌లో 313 మందితో చేసిన పరీక్షలో మరీ గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపే మేలనిపించింది.

నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు మరీను.

తగ్గిన తర్వాత

అసలు పని నొప్పి తగ్గాక మొదలవుతుంది, మనం సరిగ్గా అప్పుడే మానేస్తాం. పూసల పక్కనుండే లోపలి సన్నని కండరం నొప్పి వచ్చినప్పుడు చిక్కిపోతుంది. నొప్పి పోయినంత మాత్రాన అది తనంతట తాను మునుపటిలా అవదని 1990లలో ఆస్ట్రేలియాలో చేసిన పరిశీలనలో తేలింది. తాడు మళ్లీ బిగించాలి.

నేను రోజూ చేసేవి నాలుగు. ఒకటి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, పిర్రలు బిగించి నడుం పైకెత్తడం, అయిదు లెక్కపెట్టి దించడం. రెండు, చేతులూ మోకాళ్లూ ఆనించి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కు చాచి ఆపడం, తర్వాత రెండో వైపు. మూడు, అదే భంగిమలో పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వీపు పైకీ కిందికీ నెమ్మదిగా కదపడం. నాలుగు, నడక. మొదటి మూడూ పదేసి సార్లు, పది నిమిషాల పని. కాలిలోకి నొప్పి దిగితే ఆపేసి చూపించుకోవాలి.

నడక గురించి ఒక లెక్క చెప్పి తీరాలి. 2024లో ఆస్ట్రేలియాలో, నడుంనొప్పి వచ్చి తగ్గిన 701 మందితో ఒక పరీక్ష చేశారు. ఒక గుంపు ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు అరగంట నడకకు చేరింది. రెండో గుంపు ఏమీ చేయలేదు. నడవనివారిలో సగంమందికి 112 రోజుల్లోపే నొప్పి తిరిగొస్తే, నడిచినవారిలో ఆ స్థితికి 208 రోజులు పట్టింది. ఖర్చు ఒక జత చెప్పులు.

నిద్ర లేవగానే బరువులెత్తకండి. రాత్రంతా డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. పొద్దున మన ఎత్తు సాయంత్రం కన్నా సెంటీమీటరు పైగా ఎక్కువుండేది అందుకే. ఆ సమయంలో వంగితే భారం ఎక్కువ. తెల్లారగానే వంగి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గుపెట్టే మన ఇళ్లలోని ఆడవాళ్ల సంగతి ఆలోచించండి. పొడుగు కర్ర చీపురు ధర ఎంతని?

కూర్చునేవారికి నిటారుగా కూర్చోవాలనే బెంగ అక్కర్లేదు. నేను చెప్పిన జర్మనీ కొలతల్లో వెనక్కి వాలి వదులుగా కూర్చున్నప్పుడు డిస్కు ఒత్తిడి నిలబడినప్పటికన్నా తక్కువే వచ్చింది. చేటు చేసేది ఒకే భంగిమ గంటల తరబడి ఉండటం. అరగంటకోసారి లేవండి. గంటలకొద్దీ బోర్డు దగ్గర నిలబడే ఉపాధ్యాయులు ఒక కాలు వేదిక మెట్టు మీద పెట్టి, కాలు మారుస్తూ ఉంటే నడుముకు తెరిపి. ట్రాక్టరు, లారీ, మోటారు సైకిలు నడిపేవాళ్లకు ఇంకో ఇబ్బంది. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 6 సార్ల కుదుపుకు ఎక్కువగా ఊగుతుంది. గతుకుల దారిలో బండి సీటు కుదుపులు తరచు అదే వేగంలో ఉంటాయి. సీటు స్ప్రింగు బాగుచేయించడం కూడా వైద్యమే.

విశ్రాంతి దొరకని నడుములు

ఇంతవరకు చెప్పిందంతా నాలాంటి జీతగాళ్లకు సులువు. మా బెంచీలో నా పక్కన కూర్చున్న మిత్రుడు తాపీమేస్త్రి. నిన్న సాయంత్రం వాడితో ఈ ప్రసంగం గురించి చెబితే నవ్వి, "సిమెంటు బస్తా యాభై కిలోలురా. మోకాళ్లు వంచి ఎత్తమంటావు, సరే. రోజుకెన్ని ఎత్తుతానో తెలుసా?" అన్నాడు. అదే అమెరికా సంస్థ, అన్ని వీలూ ఉన్నప్పుడు కూడా ఒకరు చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకుండా ఉండాలని లెక్క కట్టింది. మా సైట్లలో రోజూ ఎత్తేది దానికి రెట్టింపు. రోజంతా వంగి నాట్లు వేసే మన అక్కచెల్లెళ్లకు అరగంటకోసారి లేచే వీలేది? నొప్పి తట్టుకోలేక సూది వేయించుకుని మర్నాడు పనిలోకి వెళతారు. సూది నొప్పిని కప్పుతుంది, బరువును తగ్గించదు.

వాడికి నేను చెప్పగలిగింది కొద్దిగానే. బస్తా నేల మీద నుంచి కాకుండా నడుమెత్తు అరుగు మీద నుంచి ఎత్తుకో. ఇద్దరు కలిసి ఎత్తండి. తిప్పాల్సి వస్తే నడుం మెలితిప్పకు, పాదాలు తిప్పు. మిగతాది మనం చేయాలి. ఈ సభలో కాంట్రాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, ఇల్లు కట్టించేవాళ్లున్నారు. సైటులో ఒక అరుగు కట్టించడం, ఒక తోపుడు బండి కొనివ్వడం మన చేతిలో పని. నా సైట్లలో నేను ఎస్టిమేటులోనే రాయిస్తున్నాను.

ఆలస్యం చేయకూడనివి

ఇవి మాత్రం కండరాల నొప్పి అనుకుని ఊరుకోకూడదు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాళ్లలో బలం తగ్గడం: ఇవుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో, సాయంత్రం చలితో, బరువు తగ్గుతూ నడుంనొప్పి ఉంటే మన దేశంలో వెన్ను క్షయను గుర్తుపెట్టుకోవాలి. మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే కాళ్లు పడిపోవచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, రాత్రిపూట పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నవాళ్లు, కిందపడ్డ తర్వాత నొప్పి మొదలైనవాళ్లు చూపించుకోవాలి. అరవై దాటిన తల్లులకు చిన్న బిందె ఎత్తినా పూస నలగవచ్చు, అది ఎముక గుల్లబారడం. ఆరు వారాలైనా తగ్గని నొప్పినీ చూపించుకోవాలి.

చివరిగా, మన బడికి ఒక విన్నపం. మా రోజుల్లో డ్రిల్లు మాస్టారు ఎండలో వంగోబెట్టి లేపుతుంటే తిట్టుకునేవాళ్లం. ఆయన మా నడుములకు చేసిన మేలు ఇప్పుడు అర్థమవుతోంది. పదో తరగతి రాగానే ఆటల పీరియడు తీసి లెక్కలకు ఇవ్వడం అన్ని బళ్లలోనూ ఉంది. లెక్కల మాస్టారు క్షమించాలి, ఆ పీరియడు పిల్లలకే వదిలేయండి. పిల్లల సంచీ బరువు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020 జాతీయ విధానం చెబుతోంది. మన సంఘం తరఫున ప్రతి తరగతి గదిలో పుస్తకాలు పెట్టుకునే అల్మారాలు చేయించాలని ప్రతిపాదిస్తున్నాను. మొదటి అల్మారా ఖర్చు నాది. రెండోది ఎవరిదో ఈ సభ ముగిసేలోపు చెప్పండి.

ఇరవై నిమిషాలు దాటిపోయింది. ఇంతసేపు కదలకుండా కూర్చున్నారు, నేను చెప్పిన సూత్రం ప్రకారం అది మంచిది కాదు. అందరూ ఒక్కసారి లేచి నిలబడి, చేతులు పైకెత్తి ఒళ్లు విరుచుకోండి. పక్కవారి సాయం కావాల్సినవాళ్లు మొహమాటపడకుండా అడగండి.